కుట్టే ఈగ గుడ్లు ఎక్కడ పెడుతోంది? ఏ వాసన దాన్ని అక్కడికి పిలుస్తోంది?

గేదెలపాక | 9 ఆగస్టు, రాత్రి 8:15

అందరికీ నమస్కారం. మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లె. పద్నాలుగు గేదెలు, రెండు ఆవులు ఉన్నాయి. వానలు మొదలైనప్పటి నుంచి కుట్టే ఈగల బాధ భరించలేకపోతున్నాం. చూడటానికి ఇంటి ఈగలాగే ఉంటాయి కానీ ముక్కు సూదిలా ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది. ముందుకాళ్ల మీద, మోకాలి కింద వాలతాయి. గేదెలు రోజంతా కాళ్లు నేలకేసి కొడుతూనే ఉన్నాయి. నిన్న సాయంత్రం అమ్మ పాలు పితుకుతుండగా ఒక గేదె కాలు విసిరింది. బకెట్టు బోర్లాపడింది, అమ్మ మణికట్టు వాచింది.

పేడ రెండు పూటలా ఎత్తి పెంటకుప్పలో వేస్తాం. కుప్ప మీద సున్నం చల్లాం, మందు కొట్టాం. ఏమీ తగ్గలేదు. పారతో కుప్పంతా తిరగేసి చూస్తే పురుగులు పెద్దగా కనిపించలేదు. మరి ఇవి ఎక్కడ పుడుతున్నాయి? గుడ్లు పెట్టే చోటును ఈగ ఏం చూసి ఎంచుకుంటుంది? తెలిసినవారు చెప్పండి.

విశ్రాంత_పశువైద్యురాలు | 9 ఆగస్టు, రాత్రి 9:40

బాబూ, ముందు అమ్మగారి మణికట్టు ఎవరికైనా చూపించండి.

మీరు చెప్పిన గుర్తులన్నీ స్టొమాక్సిస్ కాల్సిట్రాన్స్ అనే ఈగవి. ఇందులో ఆడదీ మగదీ కూడా రక్తం తాగుతాయి. పశువు మీద ఉండేది రోజుకు కొద్ది నిమిషాలే. కడుపు నిండగానే గోడ మీదో, కంచె మీదో, చెట్టు నీడలోనో కూర్చుని అరిగించుకుంటుంది. అందుకే పశువు వీపు మీద మందు కొడితే దానికి తగలదు. సర్రా రోగాన్ని, అంటే నెత్తురులో చేరే పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బును, ఒక పశువు నుంచి ఇంకొక పశువుకు మోసే ఈగల్లో జోరీగతో పాటు ఇదీ ఉంది. కాబట్టి పాల నష్టంతోనే ఆగే విషయం కాదు.

గుడ్ల సంగతికి వస్తే, పేడ అన్ని ఈగలకూ ఒకటి కాదు. పశువు ఒంటినే రోజంతా అంటిపెట్టుకుని ఉండే చిన్న నెత్తురు ఈగ ఒకటుంది. పేడ పడిన నిమిషాల్లోనే, అది ఇంకా వెచ్చగా ఉండగానే, దిగి గుడ్లు పెట్టేస్తుంది. మీ ఈగ ఆ తీరుది కాదు. దానికి గడ్డి, పేడ, మూత్రం కలిసి తడిసి, కొన్నాళ్లు మాగిన చోటు కావాలి. గాడి కింద ఎప్పుడైనా తవ్వి చూశారా?

పొలంగట్టు | 9 ఆగస్టు, రాత్రి 10:05

ఇంత ఆలోచన ఎందుకండీ, పాక అంతా గోడలతో సహా మంచి మందు కొట్టండి. ఈగ కూర్చునేది గోడ మీదే అని డాక్టరమ్మ గారే అంటున్నారు కదా. మేము అలాగే చేశాం, వారం రోజులు హాయిగా ఉంది.

గేదెలపాక | 9 ఆగస్టు, రాత్రి 10:20

వారం తరవాత?

పొలంగట్టు | 9 ఆగస్టు, రాత్రి 10:31

మళ్లీ వచ్చాయి. మళ్లీ కొట్టాం.

నైరోబీ_నుంచి | 10 ఆగస్టు, తెల్లవారుజామున 1:50

మాది ప్రకాశం జిల్లా. ఉండేది నైరోబీలో. కీటకాలు వాసన ఎలా పసిగడతాయన్నది నేను చదువుతున్న విషయం. ఈ ప్రశ్న తెలుగులో కనిపించేసరికి నిద్ర పట్టలేదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

కడుపులో గుడ్లు ముదిరిన ఆడ ఈగ ముందు ఒక పెద్ద బాధ్యత ఉంది. పుట్టబోయే పిల్లలకు కాళ్లు లేవు, రెక్కలు లేవు. తల్లి ఎక్కడ పెడితే అక్కడే తినాలి, అక్కడే పెరగాలి. తిండి బాగా లేకపోతే వేరే చోటికి వెళ్లే దారి లేదు. అందుకే తల్లి తన మీసాలతో, అంటే తల ముందు ఉండే స్పర్శశృంగాలతో, గాలిలోని వాసనలను వడపోసి చూసుకుంటుంది.

ఆ వాసన ఎవరిది? చాలావరకు సూక్ష్మజీవులది. 2006లో అమెరికాలోని కాన్సాస్‌లో చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. గుర్రపు పేడ, ఎండుగడ్డి కలిసి మాగిన చెత్తను ఈ ఈగలకు ఇస్తే చక్కగా గుడ్లు పెట్టాయి. అదే చెత్తను వేడిచేసి అందులోని సూక్ష్మజీవులను చంపి ఇస్తే పెట్టలేదు. తరవాత అందులోకి ఒక్కొక్క బాక్టీరియానూ విడివిడిగా చేర్చి చూశారు. సిట్రోబాక్టర్ ఫ్రూండీ అనే బాక్టీరియా చేరినప్పుడు ఈగలు మళ్లీ గట్టిగా ఆకర్షితమయ్యాయి, పిల్లలూ బతికాయి. ఈ ఈగ పిల్లలు సూక్ష్మజీవులు లేని తిండి మీద పెరగలేవు. కాబట్టి పులిసిన వాసన తల్లికి ఒక కబురు: ‘ఇక్కడ నీ పిల్లలకు అన్నం ఉంది’ అని.

2007లో స్విట్జర్లాండ్‌లోని నూషటెల్‌లో గుర్రపు పేడ, ఆవు పేడ పక్కపక్కన పెడితే ఈగలు గుర్రపు పేడనే ఎక్కువగా ఎంచుకున్నాయి. పేడ వాసనను విడదీసి ఒక్కొక్క పదార్థాన్నీ ఈగ మీసం మీదికి ఊదుతూ, మీసంలో పుట్టే సన్నని విద్యుత్ స్పందనను కొలిచారు. పారా క్రెసాల్, బ్యుటనోయిక్ ఆమ్లం, స్కేటోల్, ఆక్టెనాల్, డైమిథైల్ ట్రైసల్ఫైడ్ వంటివాటికి మీసం స్పందించింది. పేర్లు చూసి కంగారు పడకండి, వీటిలో చాలావాటిని మీరు రోజూ పీలుస్తూనే ఉన్నారు. పారా క్రెసాల్ అంటే పశువుల కొట్టం వాసన. బ్యుటనోయిక్ ఆమ్లం అంటే పాడైపోయిన వెన్న కంపు.

ఇక్కడ నైరోబీలోని ఇసిపే అనే కీటక పరిశోధన కేంద్రం వారు రకరకాల జంతువుల పేడలు పెట్టి చూశారు. 2019లో ఆ ఫలితాలు వచ్చాయి. ఈగలు గాడిద పేడ, గొర్రె పెంట వైపు మొగ్గాయి. వాటి వాసనలో గుడ్లు పెట్టించే పదార్థాలుగా తేలినవి బీటా సిట్రోనెలీన్, కార్వోన్. కార్వోన్ అంటే సోయికూర గింజలకు వాసననిచ్చే పదార్థమే.

మీ దగ్గర గేదెలూ ఆవులూ మాత్రమే ఉన్నాయి. అందుకే నేనూ డాక్టరమ్మ గారు అడిగినదే అడుగుతున్నాను: గడ్డి ఎక్కడ తడిసి మాగుతోంది?

ఎర్రమట్టి | 10 ఆగస్టు, ఉదయం 6:10

మాది వరంగల్ దగ్గర. గొర్రెలు కాస్తాం. నైరోబీ అన్న గొర్రె పెంట అన్నారు కాబట్టి ఒక మాట అడుగుతాను. గేదెలపాక గారూ, మీ పాక చుట్టుపక్కల ఎక్కడైనా గొర్రెల ఎరువు ఉందా?

గేదెలపాక | 10 ఆగస్టు, ఉదయం 6:25

ఉందండీ! నిమ్మతోటకు వేద్దామని జూన్‌లో ఒక ట్రాక్టరు గొర్రెల ఎరువు కొన్నాం. పాక వెనకే పోయించాం, పైన పట్టా కప్పాం. ఇప్పుడే వెళ్లి తవ్వుతాను.

గేదెలపాక | 10 ఆగస్టు, మధ్యాహ్నం 1:15

తవ్వి చూశాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గొర్రెల ఎరువు కుప్ప లోపల పొడిపొడిగా ఉంది, చేత్తో పిండితే రాలిపోతోంది. పురుగు లేదు. పట్టా అంచు చినిగి వాన నీరు దిగిన ఒక మూల మాత్రం జేబురుమాలు మేర నల్లగా, మెత్తగా ఉంది. అక్కడ కొన్ని పురుగులు దొరికాయి.

తరవాత గాడి దగ్గరికి వచ్చాను. మా గాడి చివర నీళ్ల తొట్టి ఉంది. దాని గొట్టం అతుకు దగ్గర ఎప్పటి నుంచో చుక్క చుక్కగా కారుతోంది. గేదెలు లాగి కిందపడేసిన వరిగడ్డి అక్కడ తొక్కుడు పడి, మూత్రంతో తడిసి, చాపలా అట్టకట్టింది. పైన చూస్తే ఎండిపోయినట్టే ఉంటుంది. రోజూ ఊడ్చేటప్పుడు చీపురు దాని మీదుగా జారిపోతుంది. గునపంతో ఒక అంచు ఎత్తాను. కింద గడ్డి తేనె రంగులోకి తిరిగి వేడిగా ఉంది. ఆవిరి వచ్చింది. కుడితి పులిసిన వాసన. ఆ పొరల మధ్య తెల్లని పురుగులు, బియ్యపు గింజల్లా గోధుమ రంగు గుల్లలు (పురుగు ఈగగా మారే దశ). అరచేయి వెడల్పు ముక్కలోనే లెక్కపెట్టలేనన్ని. దాని పగుళ్లలో సన్నని తెల్లని గుడ్లు గుంపులు గుంపులుగా, బొంబాయి రవ్వ చల్లినట్టు ఉన్నాయి.

రెండు పూటలా అక్కడే నిలబడి మేత వేస్తున్నాను. ఇన్నేళ్లూ నా కాళ్ల కిందే ఉంది.

విశ్రాంత_పశువైద్యురాలు | 10 ఆగస్టు, మధ్యాహ్నం 2:00

చాలా మంచి పని చేశారు. అవి ఇంటి ఈగ పిల్లలా, కుట్టే ఈగ పిల్లలా అని తేల్చుకోవడం కష్టం కాదు. ఒక పురుగును తీసి తెల్ల కాగితం మీద పెట్టి, మొద్దుగా ఉండే వెనక కొసను భూతద్దంతో చూడండి. రెండు నల్లని మచ్చలు కనిపిస్తాయి. అవి ఊపిరి తీసుకునే రంధ్రాలు. రెండూ పెద్దవిగా, దాదాపు ఆనుకుని ఉంటే ఇంటి ఈగ. చిన్నవిగా, ఎడంగా ఉంటే కుట్టే ఈగ.

గేదెలపాక | 10 ఆగస్టు, సాయంత్రం 5:30

మా చెల్లెలి ఫోను కెమెరాకు భూతద్దం ఆనించి చూశాం. గాడి కింద దొరికినవాటిలో చాలావాటికి మచ్చలు చిన్నవి, ఎడంగానే ఉన్నాయి. గొర్రెల ఎరువు మూలలో దొరికినవాటికి మాత్రం మచ్చలు పెద్దవి, పక్కపక్కనే ఉన్నాయి. అంటే అక్కడున్నవి ఇంటి ఈగ పిల్లలేనా?

నైరోబీ_నుంచి | 10 ఆగస్టు, రాత్రి 7:45

అవును, ఇంటి ఈగవే. మీరు చూసినది చాలా విలువైన విషయం. 2020లో ఇక్కడి పరిశోధకులే ఇంకొకటి తేల్చారు: ఇంటి ఈగ పిల్లలు అప్పటికే ఉన్న పేడను ఈ కుట్టే ఈగ తప్పించుకుని పోతుంది. పిల్లలను పీల్చే సన్నని పురుగులు (మైట్లు) ఉన్న పేడనూ వదిలేస్తుంది. ఏ వాసన పిలుస్తుందో, ఏ వాసన పొమ్మంటుందో, రెండింటినీ తూచుకున్నాకే దిగుతుంది. మీ ఎరువు మూలలో సరిగ్గా అదే జరిగిందని ఒక్క చూపుతో చెప్పలేను. గొర్రె పెంట మంచి వాసన వేసినా తడి లేకపోతే పిల్లలు బతకవు, అది మాత్రం ఖాయం. మీ పాకలో ఆ తడి ఇచ్చింది గొట్టం అతుకు.

లింకన్_తెలుగు | 10 ఆగస్టు, రాత్రి 10:10

నేను నెబ్రాస్కాలో ఉంటున్నాను. ఇక్కడి పచ్చిక బయళ్లలో చలికాలం గడ్డి చుట్టలు పెట్టి ఆవులకు మేపుతారు. ఆవులు తినగా మిగిలిన గడ్డి చుట్టూ తొక్కుడు పడి, వేసవి వచ్చేసరికి ఆ వలయాల నుంచే ఈగలు లేస్తాయి. పేడంతా బయలంతా చెల్లాచెదురుగా పడి ఉన్నా, ఈగలు పుట్టేది ఆ గుండ్రని మచ్చల్లోనే. మీ గాడి కింది చాపకూ ఈ వలయానికీ తేడా లేదు.

బ్రెజిల్‌లో ఇదే ఈగ చెరకు పొలాల్లో విరుచుకుపడింది. చెరకు నరికాక ఆకును తగలబెట్టడం మానేశారు, అది మంచి పనే. కానీ ఆ ఆకు మీద డిస్టిలరీ నుంచి వచ్చే పులిసిన వ్యర్థ ద్రవాన్ని ఎరువుగా పారించారు. గడ్డి, తడి, పులుపు మూడూ కుదిరాయి. చుట్టుపక్కల పశువుల మందలు అల్లాడిపోయాయి. ఆస్ట్రేలియాలో పెర్త్ చుట్టూ కూరగాయల తోటలకు పచ్చి కోళ్ల ఎరువు వేయడంతో ఇదే బాధ వచ్చింది. 2013లో అక్కడి ప్రభుత్వం ఈ ఈగను చట్టం కింద ప్రకటిత చీడగా చేర్చింది.

పొలంగట్టు | 11 ఆగస్టు, ఉదయం 7:00

ఇది చదివాక మా పాకలోనూ గాడి కింద తవ్వాను. ఉన్నాయి. నేను మందుకు పెట్టిన డబ్బు తలుచుకుంటే బాధగా ఉంది.

విశ్రాంత_పశువైద్యురాలు | 11 ఆగస్టు, ఉదయం 7:35

బాధపడకండి, ఇప్పటికైనా దొరికింది. మందుల గురించి ఒక్క మాట. ఫ్లోరిడాలో పెర్మెత్రిన్ అనే ఈగల మందును తట్టుకునే కుట్టే ఈగలు ఇప్పటికే బయటపడ్డాయి. అదే మందు పదే పదే కొడితే మిగిలేవి తట్టుకున్నవే. ఇక పాల గేదెల దగ్గర గోడలకు ఏం కొట్టినా పొదుగుకూ మేతకూ తగలకుండా జాగ్రత్త పడాలి.

గేదెలపాక | 11 ఆగస్టు, రాత్రి 8:50

రెండు విషయాలు అడగాలి.

ఒకటి, గత నెల ఒక దుకాణంలో ఈగల ఉచ్చు డబ్బా కొన్నాను. లోపల కుళ్లిన చేప వాసన వేసే పొడి ఉంటుంది. ‘పశువులను కుట్టే ఈగలన్నీ ఇందులో పడతాయి’ అని చెప్పి అమ్మారు. డబ్బా నిండిపోయింది కానీ అన్నీ ఇంటి ఈగలు, పచ్చగా మెరిసే మాంసపు ఈగలే. సూది ముక్కుది ఒక్కటీ పడలేదు. ఎందుకు?

రెండు, అమ్మ గేదెల కాళ్లకు కొబ్బరినూనె, వేపనూనె కలిపి రాస్తోంది. పనిచేస్తుందా?

నైరోబీ_నుంచి | 11 ఆగస్టు, రాత్రి 10:30

కుళ్లిన చేప తినడానికి వచ్చే ఈగలకు ఎర. మీ ఈగ తిండి రక్తం. ఆకలిగా ఉన్నప్పుడు అది పశువును వెతుకుతుంది, గుడ్లు ముదిరినప్పుడు మాగిన గడ్డిని వెతుకుతుంది. కుళ్లిన చేప ఆ రెంటిలో ఏదీ కాదు. ఉచ్చు పెట్టాలనుకుంటే నీలిరంగు గుడ్డతో చేసేవి ఈ ఈగకు మేలు, అది రంగును చూసి వస్తుంది. అయితే గాడి కింద అసలు మూలం అలాగే ఉండగా ఉచ్చులతో గట్టెక్కలేరు.

లింకన్_తెలుగు | 12 ఆగస్టు, తెల్లవారుజామున 4:20

కొబ్బరినూనె సంగతి నేను చెబుతాను, మా ఊళ్లోనే జరిగింది కాబట్టి. 2018లో ఇక్కడి అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు కొబ్బరినూనె నుంచి తీసిన కొవ్వు ఆమ్లాలు, అంటే లారిక్, కాప్రిక్, కాప్రిలిక్ ఆమ్లాల మిశ్రమం, కుట్టే ఈగను గట్టిగా తరుముతుందని చూపించారు. పిండిపదార్థంలో కలిపి ఆవులకు పూస్తే నాలుగు రోజుల దాకా పనిచేసింది. కానీ నూనెను నూనెగా రాస్తే ఆ గుణం లేదు. నూనెలో ఆ ఆమ్లాలు వేరే రూపంలో బంధించి ఉంటాయి, విడదీస్తేనే ఈగకు తగులుతాయి. అమ్మగారు రాసే నూనె చర్మానికి మంచిదే, ఈగల విషయంలో మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఎర్రమట్టి | 12 ఆగస్టు, ఉదయం 6:40

లారిక్ ఆమ్లం అనగానే ఆగిపోయాను. ఇసుక ఈగల గురించి చదివినప్పుడు ఇదే పేరు చూశాను. దక్షిణ అమెరికాలో కాలా అజార్ అనే జ్వరపు రోగాన్ని మోసే ఇసుక ఈగ గుడ్ల మీద పూతగా ఉండే వాసన ఇదేనని 1997లో తేల్చారు. ఒక తల్లి గుడ్లు పెడితే ఆ వాసనకు మిగతా తల్లులు వచ్చి అక్కడే పెడతాయట. ఒక ఈగను తరిమేది ఇంకొక ఈగను పిలుస్తోంది!

నేను ఇదంతా ఎందుకు చదివానో చెబుతాను. 2003లో మా ప్రాంతంలో పిల్లలకు జ్వరం వచ్చి, ఫిట్స్ వచ్చి, ఒకటి రెండు రోజుల్లోనే పోయారు. మా వీధిలోనే ఒక పాప. ఏం రోగమో పెద్దలకు అర్థం కాలేదు. తరవాత చాందీపురా వైరస్ అన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో ఆ వేసవి చివర, వానల మొదట్లో 329 మంది పిల్లలకు సోకి 183 మంది చనిపోయారు. ఆ వైరస్‌ను మోసేది ఇసుక ఈగ. గోడల పగుళ్లలో, పశువుల కొట్టం దగ్గరి తడి మట్టిలో గుడ్లు పెడుతుంది. అప్పటి నుంచి మా ఇంట్లో గోడ పగులు కనిపిస్తే అదే రోజు మట్టి మెత్తుతాం.

విశ్రాంత_పశువైద్యురాలు | 12 ఆగస్టు, ఉదయం 8:15

ఆ సంవత్సరం నేను ఉద్యోగంలో ఉన్నాను. ఊళ్లలో తిరుగుతూ కొట్టాల్లో మందు కొట్టించాం. మరిచిపోలేను. పగుళ్లు పూడ్చే అలవాటు మానకండి.

వానచినుకు | 12 ఆగస్టు, సాయంత్రం 6:00

నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను. ఈ చర్చ పిల్లలకు చదివి వినిపించాను. ఒక అమ్మాయి అడిగింది: దోమలు కూడా ఇలాగే వాసన చూసి గుడ్లు పెడతాయా?

నైరోబీ_నుంచి | 12 ఆగస్టు, రాత్రి 9:10

పెడతాయి, అదీ జాతికొక తీరుగా. ఆ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి.

బోదకాలు మోసే క్యూలెక్స్ దోమ మురికినీటి మీద గుడ్లను తెప్పలా అతికించి పెడుతుంది. ప్రతి గుడ్డు కొసన ఒక చిన్న చుక్క ఉంటుంది. ఆ చుక్కలోని వాసన మిగతా తల్లులను పిలుస్తుందని 1982లో కనిపెట్టారు. డెంగీ దోమకు తడి మట్టి వాసననిచ్చే జియోస్మిన్ ఇష్టం. బీట్‌రూట్‌కు ఆ మట్టి వాసన ఉండేది దీనివల్లే. బీట్‌రూట్ తొక్కలను ఉచ్చులో ఎరగా వాడవచ్చని 2020లో వచ్చిన పరిశోధన చెప్పింది.

పిల్లలకు నచ్చేది గరిక, తుంగ కథ. గరికను నీళ్లలో నానబెట్టి పులియబెడితే క్యూలెక్స్ దోమలు పరుగెత్తుకొస్తాయి. ఆఫ్రికాలో మలేరియా మోసే అనాఫిలిస్ గాంబియే మాత్రం అదే గరిక నీటిని వదిలి పోతుంది. దానికి నచ్చేది సెడ్రాల్ వాసన. విక్టోరియా సరస్సు దగ్గర నీటిమడుగుల మట్టి నానబెట్టిన నీటిలో అది దొరికింది. మూలం వెతికితే మన పొలాల్లో కలుపుగా తీసి పారేసే తుంగముస్తల దుంపల్లోనూ ఉంది.

వానచినుకు | 13 ఆగస్టు, ఉదయం 9:30

రేపు రెండు గిన్నెలు పెడుతున్నాం. ఒకదానిలో గరిక నానిన నీరు, ఒకదానిలో మామూలు నీరు. రోజూ ఉదయం తెప్పలు లెక్కపెట్టి, పురుగులు ఎగిరే దశకు రాకముందే ఎండలో నేల మీద పారబోస్తాం.

గేదెలపాక | 14 ఆగస్టు, రాత్రి 7:20

ఈ మూడు రోజుల్లో చేసింది: గొట్టం అతుకు మార్పించాను. గాడి కింది చాపను గునపంతో పెళ్లగించి, పొలంలోకి తీసుకెళ్లి పల్చగా ఆరబోశాం. ఎండకు పురుగులు ముడుచుకుపోయాయి, కొంగలు వచ్చి ఏరుకు తిన్నాయి. గాడి కింద నేల గుంటపడి ఉంది, కంకరపోసి గట్టిపరిచాం. గొర్రెల ఎరువు తడి మూలను విడదీసి ఆరబెట్టి, మిగతాది తోటకు తోలేశాం.

విశ్రాంత_పశువైద్యురాలు | 14 ఆగస్టు, రాత్రి 8:00

ఇప్పుడు తొందరపడకండి. వేడి వాతావరణంలో గుడ్డు నుంచి ఎగిరే ఈగ దాకా రెండు మూడు వారాలు పడుతుంది. ఇప్పటికే ఎగిరినవి ఇంకొన్నాళ్లు కుడతాయి. వారానికి రెండుసార్లు గాడి కింద పార గుచ్చి చూడండి. పార కొసకు తడి గడ్డి అంటితే తీసేయండి.

గేదెలపాక | 6 సెప్టెంబరు, రాత్రి 8:40

చాలా రోజుల తరవాత రాస్తున్నాను. పాలు పితికేటప్పుడు గేదె ముందుకాలి మీద అమ్మ లెక్కపెడుతోంది. ఆగస్టులో ఒక్కో కాలి మీద పది పన్నెండు ఉండేవి. ఇవాళ సాయంత్రం రెండు. కొన్నిటి కాళ్ల మీద ఒక్కటీ లేదు. అమ్మ చేయి నయమైంది.

అయితే పడమటి వైపు కట్టిన మూడు గేదెలకు మాత్రం ఇంకా తగ్గలేదు. ఆ వైపు గోడ అవతల పక్కింటి బాబాయి పాతర గడ్డి గుంత ఉంది. కప్పిన పట్టా ఒక పక్క లేచిపోయి, రసం కాలువలోకి కారుతోంది. గాలి అటు నుంచి వీస్తే పులిసిన వాసన మా పాకలోకి వస్తోంది. నిన్న ఆయన్ను అడిగాను. ‘రేపు పొద్దున్నే పార పట్టుకుని రా, ఇద్దరం చూద్దాం’ అన్నారు. భూతద్దం కూడా తీసుకెళ్తున్నాను.